జాగ ఒకరిది, పొగ ఇంకొకరిది

(ఖాళీ ప్లాట్లల్ల పెరిగే పిచ్చిమొక్కలు, ఎండకాలం అగ్గి ప్రమాదాల మీద నేరేడ్‌మెట్‌ల కాలనీల జనం, బస్తీల జనం కూడి పెట్టుకున్న సభల ఒక రిటైర్డ్ శానిటరీ ఇన్‌స్పెక్టర్ చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచినోళ్లు చెత్త గురించి మాట్లాడుమన్నరు. 30 ఏండ్లు చెత్తతోనే బతికిన మనిషిని, మాట్లాడుమంటే తెల్లారేదాక మాట్లాడుత. కని ఇయ్యాల గడ్డి ముచ్చట చెప్త. గడ్డికి కూడ మీటింగేందని నవ్వెటోళ్లు ఒక్కపారి లేచి ఆ కిటికీల నుంచి చూడుండ్రి. హాలు ఎన్క ప్లాటు కనవడ్తుందా? అండ్ల మనిషి నిలవడితె తల కనవడది. దసరా మొన్ననే పోయింది కాబట్టి ఇంక పచ్చగ ఉన్నది. నెలన్నర ఆగితె పసుపుపచ్చగైతది. సంక్రాంతి దాటితె కరకరమంటది. అప్పుడు దానికి ఒక్క బీడీ ముక్క చాలు.

ముందుగాల మొన్నటి ఎండకాలం మా గల్లీల జరిగింది చెప్త.

మా గల్లీ చివర 400 గజాల ప్లాటున్నది. యజమాని అమెరికల ఉంటడని కొందరంటరు, ఆస్ట్రేలియల అని కొందరంటరు. ఒక్కపారి వచ్చి కడీలు పాతిచ్చి, ముళ్లతీగ కట్టిచ్చి పోయిండు. మల్ల మొఖం చూడలే. దాని పక్కకే ఒక బిల్డింగు సగం లేసి ఆగింది. ఆ బిల్డింగుకు కాపలా పాలమూరు దిక్కు నుంచి వచ్చిన ఆలుమొగలు. వాళ్లకు ఇద్దరు పిల్లలు. నాలుగు రేకులు, ఒక పరదా, అదే వాళ్ల ఇల్లు.

మార్చి నెల, పగటీలి రెండు గంటలు. వేపాకు రాలే కాలం. గల్లీల ఉండే ఒక పెద్దమనిషి తన వాకిలి ముందటి ఆకంత ఊడ్చి, ముళ్లతీగ పక్కకు కుప్ప చేసి, అగ్గిపుల్ల గీసి ఇంట్లకు పోయిండు. అన్నం తిని వచ్చేవరకు ప్లాటంత అంటుకున్నది. గాలి గుడిసె దిక్కే ఉండె. ఆ వాచ్‌మన్ ముందుగాల గ్యాస్ బండ గుంజి బయట పడేసిండు, అందుకే ఇయ్యాల గల్లీ గల్లీగ ఉన్నది. ఫైరింజన్ వచ్చింది, కని మూల తిరిగే కాడ కార్లు అడ్డమున్నయి. అవి తీసేసరికి గుడిసె బుగ్గయింది.

పానాలు పోలే. పిల్లలు బడికి పోయిన్రు, తల్లి పనికి పోయింది. ఇంక ఏం పోయిందంటరా? బియ్యం, బట్టలు, ఆధార్ కార్డులు, బ్యాంకు బుక్కు. పెద్దబిడ్డ పదో తరగతి మెమో. బియ్యం డబ్బాల దాచుకున్న కూలి పైసలు. ఆ తల్లి మాపటీలి వచ్చి బూడిదల కూసోని ఆ డబ్బా కోసం దేవులాడుతుంటె చూసినోళ్లల్ల నేనొకన్ని.

ఇప్పుడు లెక్క చేద్దం. అగ్గి పెట్టినాయనకు ఏం పోయింది? ఏం పోలే. ప్లాటాయనకు ఏం పోయింది? ఆయనకైతె లాభమే అయింది. కూలోళ్లను పెడితె వేల రూపాయలయ్యే పని పైస ఖర్చు లేకుంట అయిపోయింది, ప్లాటు అద్దం లెక్క సాఫైంది. మొత్తం బిల్లు కట్టింది ఎవరంటె, ఈ జాగల గజం భూమి లేని మనిషి. నేనీడికి వచ్చింది ఈ లెక్క చెప్పెతందుకే. జాగ ఒకరిది, పొగ ఇంకొకరిది. ఈ పద్ధతి నడవద్దు.

నా తప్పు కూడ ఉన్నది

అగ్గి పెట్టిన పెద్దమనిషి చెడ్డోడు కాదు. గల్లీ సాఫుంటదనే ముట్టిచ్చిండు. మనందరికి అదే అలవాటు. సాఫు చేసుడంటె కాల్చుడనే అనుకుంటం. నేను నౌకరి చేసిన కాలంల నేను కూడ గదే చేసిన. ఒక మున్సిపాలిటీల పనిచేసేటప్పుడు పెద్దసారు వస్తుండంటె, ట్రాక్టరు లేదంటె, సఫాయి కార్మికులకు "ఓ పుల్ల గీయుండ్రి" అని చెప్పిన రోజులున్నయి. వాళ్లు కొంగు, తువ్వాల మూతికి కట్టుకొని పొగల నిలవడేటోళ్లు. నేను బండి మీద దూరంకెల్లి చూసెటోన్ని. ఇప్పుడు ఆ ఆడోళ్లల్ల కొందరు రాత్రంత దగ్గుతుంటె నాకు యాదికొస్తది. అందుకే ఇయ్యాల ఇంకొకరి మీద ఏలు చూపెట్టే ముందు నా ఏలు నా దిక్కు తిప్పుకుంటున్న.

అగ్గి ఎట్ల ఉరుకుతది

మన దగ్గర అడివి లేదు కద, ఇంత భయమెందుకని అడగొచ్చు. మొద్దుకు అగ్గి పెట్టుండ్రి, గంటసేపు తిప్పలు వడాలె. గడ్డికి పెట్టుండ్రి, చిటికెల అంటుకుంటది. ఎంత సన్నగుంటె అంత జల్ది ఎండుతది, అంత జల్ది కాల్తది. పొద్దుగాల మంచుకు తడిసిన ఎండుగడ్డి ఎండ వడ్డంక గంటల మల్ల పొడిగైతది. అందుకే గడ్డి మంటలు ఎక్కువగ పగటీలే లేస్తయి.

రెండోది, ఎత్తు. మోకాలు కిందికి కోసిన గడ్డి అంటుకున్నా మనిషి కాలితోటి, తడిగోనెతోటి ఆర్పొచ్చు. మనిషెత్తు గడ్డి అంటుకుంటె దగ్గరికి పోలేం. ఆ మంట పక్కనున్న తీగల్ని పట్టుకుంటది, తీగ మీదికెల్లి చెట్టుకు, చెట్టు మీదికెల్లి కరెంటు వైరుకు పోతది. మెట్లెక్కినట్టు ఎక్కుతది.

మూడోది, వాలు. మన నేరేడ్‌మెట్, సఫిల్‌గూడ, మౌలాలి దిక్కంత రాళ్లు, గుట్టలు, ఎత్తుపల్లాల నేల. మంట దిగువ నుంచి ఎగువకు ఉరుకుతది. మంట తన ముందటి గడ్డిని ముందే ఎండబెట్టుకుంట పోతది కాబట్టి పైకి పొయ్యేటప్పుడు జోరు ఎక్కువ. ఇల్లు ఎత్తు మీద ఉన్నది, నాకేం కాదని అనుకునెటోళ్లు ఈ మాట యాది పెట్టుకోవాలె.

ఇగ మన ప్లాట్లల్ల ఉండేది ఏంది? వయ్యారిభామ. దాన్నే కాంగ్రెస్ గడ్డి అంటం. పరాయి దేశపు గోధుమల తోటి వచ్చిందని చెప్తరు, 1956 ప్రాంతంల పూణెల గుర్తువట్టిన్రు, ఇప్పుడది లేని ఊరు లేదు. ముట్టుకుంటె దురద, పువ్వు పొడి పీలిస్తె ఆయాసం. సర్కారు తుమ్మ ఇంకొకటి. ఈ రెండు మన నేలవి కావు. పశువులు నోరు పెట్టని వయ్యారిభామ ప్లాటుల నిలవడి ఎండుతది. గడ్డిమందు కొడితె పని అయిపోయిందనుకునెటోళ్లు మస్తు మంది ఉన్నరు. మందు కొడితె మొక్క సస్తది, కని ఎండి నిలవడే ఉంటది. అంటె పచ్చగున్నదాన్ని మనమే ముందుగాల ఎండవెట్టి అగ్గికి తయారు చేసి ఇచ్చినట్టు.

చట్టం ఉన్నది, చలనం లేదు

చట్టం లేదా అంటె, ఉన్నది. ఒకటి కాదు, నాలుగు దారులున్నయి.

మొదటిది మున్సిపల్ చట్టం. అండ్ల పాత సూత్రం ఒకటున్నది. నీ జాగ నీదే, కని పక్కోని ఆరోగ్యానికి, పానానికి ముప్పయ్యేటట్టు దాన్ని ఉంచొద్దు. ఉంచితె ఆఫీసోళ్లు నోటీసు ఇయ్యొచ్చు, గడువు పెట్టొచ్చు. గడువు దాటితె వాళ్లే సాఫు చేయించి ఆ ఖర్చు యజమాని దగ్గర వసూలు చేయొచ్చు. పల్లెలల్ల 2019 సెప్టెంబర్ల పల్లె ప్రగతి మొదలైనప్పుడు, పట్నాలల్ల 2020 ఫిబ్రవరి 24 నుంచి పట్టణ ప్రగతి నడిచినప్పుడు ఖాళీ జాగలల్ల పిచ్చిమొక్కలు తీసుడు కూడ ఆ పనులల్ల ఒకటి.

రెండోది కాల్చొద్దనే నియమం. 2016ల వచ్చిన ఘన వ్యర్థాల నియమాలు రోడ్డు మీద గని, ఖాళీ జాగల గని చెత్త కాల్చొద్దని చెప్పినయి. చెట్ల ఆకు, తోట చెత్త వేరుగ పెట్టి బల్దియ వాళ్లకు అప్పజెప్పాలని చెప్పినయి. అదే ఏడు డిసెంబర్ 22 నాడు జాతీయ హరిత ట్రిబ్యునల్ ఇంక గట్టిగ చెప్పింది. మామూలుగ చెత్త కాలిస్తె 5 వేలు, పెద్దమొత్తంల కాలిస్తె 25 వేల రూపాయల జరిమానా. వాకిలి ముందట ఆకు కాల్చెటోళ్లల్ల ఈ ముచ్చట ఎంతమందికి తెలుసు?

మూడోది క్రిమినల్ చట్టం. అజాగ్రత్తగ అగ్గితోటి పక్కోని పానానికి ప్రమాదం తెస్తె పాత ఐపీసీల 285 సెక్షన్ ఉండె. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, అండ్ల 287. ఆరు నెలల దాక జైలు, లేకుంటె 2 వేల దాక జరిమానా, లేకుంటె రెండూ. అగ్గి పెట్టుడే తప్పు కాదు, తన దగ్గరున్న మండే సరుకు మీద తగిన జాగ్రత్త తీసుకోకపోవుడు కూడ తప్పేనని ఆ సెక్షన్ల ఉన్నది.

నాలుగోది మనం అసలు వాడని దారి. పదిమందికి ముప్పయ్యే దాన్ని తొలగించుమని ఆర్డరు ఇచ్చే అధికారం జిల్లా మేజిస్ట్రేటుకు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు ఉన్నది. పాత చట్టంల 133 సెక్షన్, ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితల 152. ఇది కాగితం మీది ముచ్చటని అనుకోకుండ్రి. మధ్యప్రదేశ్‌ల రత్లాం అనే ఊరున్నది. అక్కడ మోరీల కంపు పడలేక వార్డు జనం ఇదే సెక్షన్ కింద మేజిస్ట్రేటు దగ్గరికి పోయిన్రు. మున్సిపాలిటీ మా దగ్గర పైసలు లేవన్నది. కేసు సుప్రీంకోర్టు దాక పోయింది. 1980ల జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు చెప్పిండు. పైసలు లేవనేది సాకు కాదు, జనం ఆరోగ్యం చూసుడు మున్సిపాలిటీ బాధ్యత, చేసి తీరాలె అన్నడు. ఒక గల్లీ జనం గెలిచిన కేసు అది.

మరి ఇన్ని ఉంటె గడ్డి ఎందుకున్నది? నేను ఆ కుర్చీల కూసున్నోన్ని కాబట్టి లోపటి ముచ్చట చెప్త.

ఒకటి, అడ్రసు. నోటీసు ఎవరికి ఇయ్యాలె? ప్లాటు ముగ్గురి చేతులు మారి ఉంటది. రికార్డుల పాత పేరే ఉంటది. ఉత్తరం పోతది, తిరిగొస్తది. ఫైలుల పెడ్తం. మన దగ్గర సైనిక్‌పురి, డిఫెన్స్ కాలనీ, వాయుపురి దిక్కు చూడుండ్రి. యజమాని పోయిండు, పిల్లలు దేశం దాటిన్రు, ప్లాటు మాత్రం ఉన్నది.

రెండు, హద్దులు. నేరేడ్‌మెట్‌కు ఒక దిక్కు కంటోన్మెంటు, మిలిటరీ జాగలు. ఇంకో దిక్కు రైలు పట్టాలు. నడుమ ఆర్.కె.పురం చెరువు, సఫిల్‌గూడ చెరువు. కంటోన్మెంటుకు 2006 నాటి వేరే చట్టమున్నది. రైల్వేది వేరే లెక్క. 2007 ఏప్రిల్ 16 దాక మనది మల్కాజ్‌గిరి మున్సిపాలిటీ, ఆ రోజు గ్రేటర్ కార్పొరేషన్ల కలిసినం. 2016 అక్టోబర్ల జిల్లా మారి మేడ్చల్–మల్కాజ్‌గిరి అయింది. బోర్డుల మీద పేర్లు మారినయి, గోడ ఎన్క గడ్డి మారలే. అగ్గికి ఈ గోడ ఎవరిదని తెల్వదు. ఫోను చేస్తె మాత్రం అది మాది కాదు, వాళ్లదని చెప్తరు.

మూడు, కాలం. అన్నిటికన్న పెద్ద తప్పు ఇదే. మనం వానకాలంల దోమలని సాఫు చేస్తం. జులైల కోసిన గడ్డి వినాయక చవితికి మల్ల మోకాలెత్తు లేస్తది. లేకుంటె మార్చిల, ఏప్రిల్ల ఎక్కడనో అంటుకున్నంక ఉరుకుతం. ఇల్లు కాలినంక బాయి తవ్వినట్టు. గడ్డి పెరుగుడు ఆగి ఎండుడు మొదలయ్యే నడుమ రెండు నెలలే అసలు టైము. ఆ రెండు నెలలల్ల మనం ఏం చేయం.

బయటి దేశాల ముచ్చట

మీ పిల్లలు కాలిఫోర్నియల ఉంటె ఇయ్యాల రాత్రి ఫోన్ల అడుగుండ్రి. శాంటాక్లారా కౌంటీ అని ఉన్నది. శాన్‌హోజే, సన్నీవేల్, క్యూపర్టినో అండ్లనే. మన తెలుగోళ్లు మస్తు మంది ఉంటరు. అక్కడ గడ్డి తొలగించే పని ఒక ప్రత్యేక కార్యక్రమం. ప్రమాదమున్న ప్లాట్ల జాబితా ముందే తయారు చేస్తరు. యజమానికి ఉత్తరం పంపుతరు. అభ్యంతరముంటె చెప్పుకునెతందుకు బహిరంగ విచారణ పెడ్తరు. తేదీ ఇస్తరు. ఆ తేదీ దాటినంక తనిఖీకి వస్తరు. గడ్డి ఆరు అంగుళాలు దాటొద్దు. దాటితె కౌంటీ కాంట్రాక్టరే వచ్చి కోస్తడు. ఆ ఖర్చు, దాని మీద ఫీజు, యజమాని ఆస్తిపన్ను బిల్లుల ఎక్కుతది. మనిషి దొరికినా దొరకకున్నా భూమి దొరుకుతది కద. బిల్లు భూమికి అంటుకుంటది.

కొండల దిక్కున్న ఇండ్లకు ఆ రాష్ట్రంల ఇంకో నియమమున్నది. ఇంటి చుట్టు 100 అడుగుల దాక ఎండు కంప, గడ్డి తగ్గించి పెట్టాలె. అన్ని ఉన్నా 2025 జనవరిల లాస్ ఏంజిలిస్ దిక్కు 16 వేలకు పైగ కట్టడాలు కాలినయి. పెనుగాలి లేస్తె నియమమొక్కటే కాపాడదు, నిజమే. కని గడ్డిని పట్టించుకోని కాడ ఏమైతదో చూడాలంటె 2023 ఆగస్టు 8 నాటి లహైనా చూడాలె.

లహైనా హవాయి దీవులల్ల ఒక చిన్న పట్నం. చుట్టు చెరుకు తోటలుండె. 1999ల అక్కడి చెరుకు మిల్లు మూతవడ్డది. భూములు పడావువడ్డయి. బయటి నుంచి తెచ్చిన గినీ గడ్డి, ఇంక వేరే గడ్డి ఆ భూములల్ల మనిషెత్తు లేసింది. ఆ గడ్డి ప్రమాదమని చెప్పినోళ్లు ముందునుంచే చెప్పిన్రు. ఆ రోజు పెద్ద గాలికి కరెంటు తీగలు తెగివడ్డయి, గడ్డి అంటుకున్నది. పొద్దుగాల ఆర్పినమనుకున్న మంట పగటీలి మల్ల లేసింది. 102 మంది పోయిన్రు. 2 వేలకు పైగ కట్టడాలు బూడిదైనయి. భూమి పెద్దోళ్లది, గడ్డి పడావుది, పానాలు మాత్రం గల్లీలల్ల ఉన్న ముసలోళ్లయి, కిరాయికున్నోళ్లయి.

మన దగ్గర అంత గాలి లేదు, అంత గడ్డి లేదు. మనవి సిమెంటు ఇండ్లు. కాబట్టి మొత్తం నేరేడ్‌మెట్ కాల్తదని నేను భయపెట్టను. మన దగ్గర కాలేది ఒక గుడిసె, ఒక ఆటో, ఒక ట్రాన్స్‌ఫార్మర్, ఒక ఇస్త్రీ బండి. పేపర్ల రెండు లైన్లు కూడ రాదు. అయినా ఆ ఇంటోళ్లకు అదే లహైనా.

ఇగ దేశం దాటి పోవుడెందుకు, నల్లమలకు పోదాం. అటవీశాఖ వాళ్లు ఎండకాలం రాకముందే అడివిల ఫైర్ లైన్లు తీస్తరు. అంటె బాట వెడల్పు మేర గడ్డి, ఆకు తీసి మంట దాటకుంట చేస్తరు. అమ్రాబాద్ల చెంచులు ఫైర్ వాచర్లుగ కాపలా కాస్తరు. అడివినంత గీకరు, గీత గీస్తరు. మనకు కావలసిన తెలివి అదే.

రెండు చిట్టీలు

ఎవరో చిట్టీ పంపిన్రు. "నా ప్లాటు నా ఇష్టం. ఇప్పటికే ఖాళీ జాగ పన్ను కడుతున్న. ఇంక ఈ ఖర్చు కూడనా?" అని రాసిన్రు. మంచి ప్రశ్న. అన్నా, పన్ను కట్టుడు జాగ ఉన్నందుకు. గడ్డి కోసుడు పక్కింట్ల మనిషి ఉన్నందుకు. నీ ప్లాటు ధర పెరిగిందంటె దేనికి పెరిగింది? చుట్టుపక్కల మనుషులు ఇండ్లు కట్టుకొని, రోడ్డు తెచ్చుకొని, నల్లా తెచ్చుకొని, గల్లీని ఊరు చేసిన్రు కాబట్టి పెరిగింది. వాళ్ల కోసం ఏడాదికి ఒక్కపారి నలుగురు కూలోళ్లను పెట్టుడు బరువా? కని ఒక్క మాట. పెన్షన్ మీద బతికే ముసలమ్మకు, చిన్న ప్లాటు కొనుక్కొని ఇల్లు కట్టలేకపోతున్న ఆటో డ్రైవరుకు విదేశంల ఉన్న ఆసామికి పెట్టినంత జరిమానా పెట్టొద్దు. వాళ్లకు మనమే పోయి కోద్దం. గడ్డి పశువులకు పనికొస్తె పశువులున్నోళ్లకు ఇద్దం.

రెండో చిట్టీ బస్తీ చెల్లె ఒకామె రాసింది. "సాఫు చేసుడంటె జేసీబీ వస్తది. కంప తోటి మా గుడిసె కూడ తీస్తరా?" అని అడిగింది. ఈ భయం ఉత్తది కాదు. సాఫు పేరు మీద మనుషుల్ని సాఫు చేసిన సంగతులు మనం చూసినం. అందుకే తీర్మానంల మొదటి లైను ఇదే ఉండాలె: గడ్డి తీసే నోటీసు మీద ఒక్క గుడిసె కూడ తీయొద్దు. గుడిసె చుట్టు పదడుగులు సాఫు చేయాలె, గుడిసె ఉండాలె. జాగ గొడవ వేరే, అగ్గి గొడవ వేరే.

ఇంకొకటి. పిచ్చిమొక్క అనే పేరు మీద అన్నిటిని నరకకుండ్రి. మొన్న మన ఆడబిడ్డలు బతుకమ్మ పేర్చిన్రు. గునుగు ఎక్కడికెల్లి తెచ్చిన్రు? ఈ పడావు ప్లాట్లకెల్లే కద. తంగేడు ఎక్కడ దొరికింది? గుట్ట మీద, కంప నడుమ. మనం పిచ్చిమొక్క అనేదే పండుగ నాడు దేవత అయితది. అందుకే కోత బతుకమ్మ అయినంకనే పెట్టుకోవాలె. వేప, కానుగ, రావి ముట్టొద్దు. పచ్చని చెట్టు మంటను ఆపుతది కూడ. చెట్టు కొట్టాలంటె 2002 నాటి వాల్టా చట్టం కింద పర్మిషన్ కావాలె. చెరువు గట్టు మీద తుంగ, జమ్ముల పక్షులు గూడు పెడ్తయి. బాటకు ఆనుకొని ఒక గీత కోస్తె చాలు.

మన పంచాంగం

నేను ఆఫీసు భాషల కాదు, పండుగల లెక్కన చెప్త. యాది ఉంటది.

వినాయక చవితికి ప్లాట్ల లెక్క తీయాలె. గల్లీకి ఇద్దరు పిల్లలు ఒక నోటుబుక్కు పట్టుకొని తిరిగితె ఒక్క ఆదివారంల అయిపోతది. ఏ ప్లాటు, ఎంత గడ్డి, పక్కకు ఏమున్నది, గుడిసెనా, ట్రాన్స్‌ఫార్మరా, బడినా. ఈ ఏడు ఆలస్యమైంది, కాబట్టి ఈ వారంల తీద్దం.

బతుకమ్మ అయినంక నోటీసు. ఉత్తరం తిరిగొస్తె ఊకోవద్దు. నోటీసు కాపీ ప్లాటు కడీకే కట్టాలె, ఫొటో తీయాలె. ఏజెంట్లకు, బంధువులకు పంపాలె. ప్లాటు అమ్ముదామంటె తెల్లారే ఫోను ఎత్తే ఆసామి గడ్డి కోయుమంటె ఎందుకు దొరకడు?

సంక్రాంతికి ముందే కోత అయిపోవాలె. భోగి మంటలు, పతంగులు ఎగిరేసే పిల్లల ఉరుకులాట, అన్ని ఆ దినాలల్లనే. కోయనోళ్ల ప్లాటు ఆఫీసోళ్లు కోయించి ఖర్చు ఆ జాగ పన్ను బిల్లుల ఎక్కియ్యాలె. రేపు ఇల్లు కట్టే పర్మిషన్‌కు వచ్చినప్పుడు ఈ బాకీ కట్టినవా అని అడగాలె. బాకీ భూమి మీద ఉంటె మనిషి ఏ దేశంల ఉన్నా వస్తడు.

కాముని పున్నమికి ముందు తనిఖీ. కామదహనం నాడు బస్తీ బస్తీల మంట పెడ్తం. ఆ మంట జాగ చుట్టు నేల గీకి, రెండు డ్రమ్ముల నీళ్లు పెట్టుకొని పెడ్దాం.

కోసే పద్ధతి కూడ చెప్త. మొత్తం వేర్లతోటి పీకితె మొదటి వానకు మన్ను మోరీలకు వస్తది. నాలుగు ఏళ్ల ఎత్తు ఉంచి కోస్తె చాలు. వయ్యారిభామను మాత్రం పువ్వు పూయకముందే చేతులకు తొడుగు పెట్టుకొని వేర్లతోటి పీకాలె. మొత్తం ప్లాటు చేతకాకపోతె చుట్టు పదడుగుల గీత కోయాలె. ట్రాన్స్‌ఫార్మర్ కాడ తీగలు మనం ముట్టొద్దు, కరెంటు ఆఫీసోళ్లను పిలవాలె. మిషన్ తోటి కోసేటప్పుడు పొద్దుగాలే కోయాలె. మనది రాళ్ల నేల. ఇనుప బ్లేడు రాయికి తగిలితె నిప్పురవ్వ లేస్తది. సాఫు చేయవోయి అంటువెట్టిన సంగతులు కాలిఫోర్నియలనే ఉన్నయి. కోసిన గడ్డి అక్కడనే కుప్ప పెడితె కోయనట్టే లెక్క. ఆ దినమే బండి రావాలె. బండి రాకపోతె పదిమందిమి పోయి ఆఫీసు ముందల కూసుందాం.

అగ్గి లేస్తె 101, లేకుంటె 112. ఫోను చేసినోళ్లు గల్లీ మూల కాడ నిలవడి దారి చూపెట్టాలె. ఆ మూలల కార్లు పెట్టొద్దు. మొన్న గుడిసె కాలింది అగ్గితోటే కాదు, అడ్డమున్న కార్లతోటి కూడ.

ఆఖరుకు

ఈ మీటింగుల ఏం తీర్మానం చేస్తున్నమో చెప్పి ముగిస్త. సంక్రాంతి గడువును బల్దియ ఆఫీసు ప్రతి ఏడు పేపర్ల వెయ్యాలె. కోత ఖర్చు పన్ను బిల్లుల ఎక్కాలె. కంటోన్మెంటు, రైల్వే, బల్దియ అధికారులు ఏడాదికి ఒక్కపారన్న ఒకే బల్ల ముందట కూసోని గోడ కాడి గడ్డి ఎవరు తీస్తరో రాసుకోవాలె. గడ్డి పేరు మీద గుడిసె తీయొద్దు. సఫాయి కార్మికులతోటి చెత్త కాల్పించొద్దు. నెల దినాలల్ల జవాబు రాకపోతె రత్లాం గల్లీ జనం పోయినట్టే మనం కూడ మేజిస్ట్రేటు దగ్గరికి పోదాం. దరఖాస్తు నేను రాస్త. సంతకాలు మీరు పెట్టుండ్రి. మొదటి సంతకం ఆ వాచ్‌మన్ ఇంటామెతోటి పెట్టిద్దం. ఆమె ఇయ్యాల ఎన్క వరుసల కూసున్నది.

కని సర్కారు చేసేదాక చేతులు కట్టుకోని కూసునుడు కూడ తప్పే. వచ్చే ఆదివారం పొద్దుగాల ఏడు గంటలకు మా గల్లీ చివర ఆ 400 గజాల ప్లాటు కాడ కలుద్దం. గడ్డి మల్ల లేసింది, ఈపారి ఇంక ఎత్తు లేసింది. పక్కకు గుడిసె కూడ మల్ల లేసింది, కొత్త పరదాతోటి. కొడవలి ఉన్నోళ్లు కొడవలి తెచ్చుకోండ్రి, లేనోళ్లు గోనెసంచి తెచ్చుకోండ్రి. అగ్గిపెట్టె మాత్రం ఇంట్లనే పెట్టి రాండ్రి.

సెలవు.